చిడియా టాపులో పాడిన పిట్ట ఏది? స్పీకర్ పెట్టి పిలవడం తప్పా?

పడవ_ప్రయాణం
మార్చి ఆఖరి వారంలో అండమాన్ వెళ్ళొచ్చాం, అత్తగారు, మామగారు, ఆడపడుచు, మా ఆయన, పిల్లలతో కలిపి ఏడుగురం. చిడియా టాపుకి అందరూ సాయంత్రం సూర్యాస్తమయం చూడ్డానికి వెళ్తారు. మామగారికి పిట్టలంటే ప్రాణం కాబట్టి మేం చీకటితోనే బయల్దేరి తెల్లారేసరికి అక్కడున్నాం. అడవిలోకి పది అడుగులు వేశామో లేదో పాట మొదలైంది. నాకు పిట్టల గురించి పెద్దగా తెలియదు, కానీ ఆ పాట పది రోజులైనా చెవిలోంచి పోవట్లేదు. ఎవరో వేణువు మీద సాధన చేస్తున్నట్టు నాలుగు స్వరాలు, కాసేపు ఆగి, మళ్ళీ ఇంకో రకంగా నాలుగు. పిట్ట మాత్రం కనబడదు. అంతా పొదల్లోంచే.

మాతో వచ్చిన గైడ్ "ఆగండి, రప్పిస్తా" అని జేబులోంచి చిన్న స్పీకర్ తీసి అదే పాట పెట్టాడు. నిమిషం కూడా పట్టలేదు, వచ్చేసింది. తల, వీపు నిగనిగలాడే నలుపు, పొట్ట తెలుపు, తోక మొదట్లో కింది వైపు ఇటుక రంగు, పొడుగాటి తోక. ఆ తోక ఎత్తుతూ దించుతూ, టక్ టక్ అని నాలుక కొట్టినట్టు అరుస్తూ, మా చుట్టూనే ఈ కొమ్మ మీంచి ఆ కొమ్మకి. అందరం ఫోటోలు తీసుకున్నాం. అప్పుడు మా పాప అంది, "అమ్మా, దాని నోట్లో పురుగుంది" అని. పచ్చటి గొంగళి పురుగు, అటో కొస ఇటో కొస వేలాడుతోంది. మింగట్లేదు, వదలట్లేదు. గైడ్ పాట ఆపలేదు. దాదాపు ఇరవై నిమిషాలు అలాగే గడిచింది.

అది ఏ పిట్ట? ఆ పురుగు పిల్లల కోసమేనా? మేం చేసింది తప్పేనా? మామగారు ఆ రోజంతా సరిగ్గా మాట్లాడలేదు, అందుకే అడుగుతున్నాను.

పొదల్లో_పిట్ట
అండమాన్ షామా. మీరు చెప్పిన తెల్ల పొట్టే దాని గుర్తు. మన వైపు అడవుల్లో ఉండే షామాకి పొట్టంతా నారింజ రంగు, నల్లటి రొమ్ము కింది నుంచి తోక దాకా. అండమాన్ దానికి ఆ రంగు పక్కలకీ తోక కిందికీ మాత్రమే జరిగింది. శాస్త్రీయ నామం కాప్సికస్ ఆల్బివెంట్రిస్, ఆల్బివెంట్రిస్ అంటేనే తెల్ల పొట్టది అని. ప్రపంచం మొత్తంలో అండమాన్ దీవుల్లో తప్ప ఇంకెక్కడా లేదు. కింద నికోబార్‌లో కూడా లేదు, మధ్యలో పది డిగ్రీల చానెల్ అడ్డం.

మీ రెండో ప్రశ్నకి: అవును, నోట్లో పురుగు పట్టుకుని మింగకుండా తిరుగుతోందంటే దగ్గర్లో గూడు ఉందనే.

కెమెరా_భుజాన
ముందే అంత పెద్ద మాట అనేయకండి. దొరికిన పురుగుని కొమ్మకేసి కొట్టి చంపేదాకా పట్టుకు తిరిగే పిట్టలు బోలెడు. ఒక్క పురుగు చూసి గూడు ఉందని తేల్చేస్తే ఎలా?

పొదల్లో_పిట్ట
ఇరవై నిమిషాలు పట్టుకుని తిరగదు భుజాన గారూ. ఆకలైతే రెండు దెబ్బల్లో మింగేస్తుంది.

లెక్కల_మాస్టారు
నా దగ్గరున్న పాత పుస్తకంలో ఇది షామాలో ఉపజాతి అనే ఉంది, ప్రత్యేక జాతి అని లేదు. ఏది నిజం?

పొదల్లో_పిట్ట
రెండూ మాస్టారూ. చాలాకాలం ఉపజాతిగానే లెక్కేశారు. ఈమధ్య జాబితాలన్నీ వేరే జాతిగా చూపిస్తున్నాయి, పిట్టలు చూసినవాళ్ళు నమోదు చేసే ఈబర్డ్ సైట్‌లో కూడా ఆండమాన్ షామా అని విడిగానే వస్తుంది. మొదట దీన్ని వర్ణించిన ఎడ్వర్డ్ బ్లైత్ 1858లోనే వేరే జాతిగా పేరు పెట్టాడు. కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ మ్యూజియం చూసుకునేవాడు ఆయన. మధ్యలో వచ్చినవాళ్ళు కలిపారు, ఇప్పుడు మళ్ళీ విడదీశారు.

లెక్కల_మాస్టారు
1858 అంటే పోర్ట్‌బ్లెయిర్‌లో ఖైదీల కాలనీ పెట్టిన ఏడాదే. సిపాయిల తిరుగుబాటు వాళ్ళని ఓడలో తీసుకెళ్ళి దించిన మార్చి నెల. పిట్టకి పేరు పెట్టిందీ ఆ ఏడే అన్నమాట.

జంగ్లీఘాట్_కుర్రాడు
మాది పోర్ట్‌బ్లెయిరే. ఇప్పుడు శ్రీ విజయపురం అనాలి, 2024లో మార్చారు, నోరు తిరగట్లేదింకా. తాతయ్యవాళ్ళు శ్రీకాకుళం నుంచి చేపల వేటకొచ్చి ఇక్కడే ఉండిపోయారు. మా జంగ్లీఘాట్‌లో వీధిలో నిలబడి "ఒరే అప్పన్నా" అంటే నలుగురు తిరుగుతారు.

అక్కా, చిడియా టాపు అంటే పిట్టల దీవి అని అర్థం గానీ అది దీవి కాదు, దక్షిణ అండమాన్‌కి దక్షిణపు కొస. ఊళ్ళోంచి పాతిక కిలోమీటర్లు, మోహన్‌పురా బస్టాండ్ నుంచి బస్సు ఉంది. మీరు వెళ్ళిన దారి ముండా పహాడ్ వైపు దారే అనుకుంటా. కుడి చేతి వైపు కూలిపోయిన పెద్ద చెట్టు, దాని మీద నాచు, అక్కడేనా?

పడవ_ప్రయాణం
అవును తమ్ముడూ! నాచు పట్టిన చెట్టు దగ్గరే ఆగాం. మా చిన్నోడు దాని మీదికి ఎక్కబోతే వద్దన్నాం.

జంగ్లీఘాట్_కుర్రాడు
అయితే తెలుసు. అక్కడ షామా ఏడాది పొడుగునా పాడుతుంది, ఎండాకాలంలో మరీను. ఇక్కడ మార్చిలో ఐదింటికే వెలుతురు వచ్చేస్తుంది కదా, ఐదు నుంచి ఆరున్నర దాకా దానిదే రాజ్యం. తర్వాత డ్రోంగోలూ ట్రీపైలూ జట్టుగా వచ్చి గోల మొదలెడతాయి, అప్పుడు ఊరుకుంటుంది. మళ్ళీ పొద్దు వాలాక.

ఆ గైడ్ ఎవరో అడగను, చెప్పకండి కూడా. కానీ ఆ ఒక్క మలుపు దగ్గరే స్పీకర్ పెట్టేవాళ్ళు ఎక్కువయ్యారు. దారి పక్కనే పిట్ట ఉంటుందని అందరికీ తెలిసిపోయింది, టూరిస్టులు పొద కదిలితే చాలు సంతోషిస్తారు. రోజుకి మూడు గుంపులు వస్తే మూడుసార్లు దాన్ని బయటికి లాగుతారు.

నల్లమల_నడక
స్పీకర్ పెట్టినప్పుడు అది మనల్ని చూడ్డానికి రాదండీ. తన ఇంట్లోకి ఇంకో మగాడు చొరబడ్డాడనుకుని తరమడానికి వస్తుంది. తోక ఎత్తడం, టక్ టక్ అనడం అంతా పోట్లాట. శత్రువు కనబడడు, గొంతు మాత్రం ఆగదు. ఎంత వెతికితే అంత ఖర్చు దానికి. అదే సమయంలో గూట్లో పిల్లలుంటే పాములకీ కాకులకీ తలుపు తెరిచినట్టే.

మా నల్లమలలో మామూలు షామా ఉంటుంది, వాగు పక్కన వెదురు పొదల్లో. నేను పదేళ్ళలో రికార్డింగ్ పెట్టింది ఒక్కసారే, కొత్తలో. అది నా తలకి జానెడు దూరంలోకి వచ్చింది. గొంతు దగ్గర ఈకలు వణుకుతూ కనబడ్డాయి. ఆ వణుకు చూశాక మళ్ళీ పెట్టబుద్ధి కాలేదు.

కెమెరా_భుజాన
నల్లమల గారి బాధ నాకర్థమైంది, అయినా ఇంకో వైపు కూడా చెప్పనివ్వండి. నేను పన్నెండేళ్ళుగా ఫోటోలు తీస్తున్నాను. రికార్డింగ్ లేకపోతే ఏం జరుగుతుందో చెప్పనా? పదిమంది దారి వదిలేసి పొదల్లోకి దూరతారు, కొమ్మలు విరుస్తారు, కింద మొలకలు తొక్కుతారు, గూడు కనబడితే ఇంకా దగ్గరికి పోతారు. దానికన్నా దారి మీదే నిలబడి ముప్ఫై సెకన్లు పెట్టి, రాగానే ఆపేసి, రెండు ఫోటోలు తీసుకుని వెళ్ళిపోవడం నయం. గుడ్లగూబల లెక్కలు తీసేవాళ్ళు కూడా గొంతు వినిపించే కదా పిలుస్తారు. పద్ధతి తప్పు కాదు, ఇరవై నిమిషాలు తప్పు.

అరకు_కాఫీ
లెక్కలు తీసేవాళ్ళు ఒక చోట ఒకసారి పెట్టి వెళ్ళిపోతారు. టూరిస్టు మలుపు దగ్గర రోజూ అదే పిట్టకి అదే వాయింపు. రెండూ ఒకటెలా అవుతాయండీ?

కెమెరా_భుజాన
అందుకే ఇరవై నిమిషాలు తప్పు అన్నాను. పై పోస్టు మళ్ళీ చదవండి.

నల్లమల_నడక
భుజాన గారూ, ముప్ఫై సెకన్లు అని మీరు అనుకుంటారు. మీ వెనక వచ్చినవాడికి ఫోటో సరిగ్గా రాలేదు, ఇంకో ముప్ఫై. వాడి వెనకవాడికి ఫోకస్ కుదరలేదు, ఇంకో ముప్ఫై. పిట్ట వైపు నుంచి లెక్కేయండి.

పడవ_ప్రయాణం
మా దగ్గర సరిగ్గా అదే జరిగింది. మా ఆడపడుచు ఫోన్‌లో రాలేదని, మళ్ళీ మా ఆయన వీడియో కావాలని. గైడ్‌ని ఒక్కడినే అనడానికి లేదు, మేం అడుగుతుంటే అతను పెడుతూ పోయాడు.

ఓహూ_వదిన
మాది హోనోలులు దగ్గర. మీరు చెప్పే అండమాన్ దానికి అన్నదమ్ముల వరసది, నారింజ పొట్ట షామా, మా ఇంటి వెనక పాడుతుంది. హవాయి దాని సొంత ఊరు కాదు, 1931లో కవాయి దీవికి తెచ్చి వదిలారు, 1940లో ఓహూకి. ఇప్పుడు మనోవా జలపాతం దారిలో నడిస్తే అడుగడుక్కీ అదే. మొదటిసారి విన్నప్పుడు మా అమ్మ "ఇది మన తలకోన అడవిలో పాట కదే" అని ఆగిపోయింది. మేం తిరుపతి వాళ్ళం, తలకోనకి ప్రతి వేసవికీ వెళ్ళేవాళ్ళం. ఎనభై దగ్గరపడిన మనిషి, ఎప్పుడో విన్న పాటని సముద్రం అవతల గుర్తుపట్టింది.

సింగపూర్_శీను
ఓహూలో స్వేచ్ఛగా పాడుతోందంటే వినడానికి హాయిగా ఉంది వదినా. ఇక్కడ నాకు ఎక్కువగా కనబడేది పంజరంలోనే. ఆంగ్ మో కియో వైపు కెబున్ బారు అని ఒక చోట ఉంది, ఎత్తయిన స్తంభాలకి పంజరాలు కట్టి పాడిస్తారు, పెద్దవాళ్ళు కాఫీ కప్పులతో కింద కూర్చుని వింటుంటారు. మలయ్‌లో దీన్ని మురాయ్ బాటు అంటారు. ఇండోనేషియాలో అయితే పాటల పోటీలు, బహుమతులు. దాంతో అక్కడి అడవుల్లో వలలు వేసి పట్టేసి చాలా చోట్ల షామా అన్నదే వినబడకుండా చేశారు. 2022లో పనామాలో జరిగిన సైటీస్ (అడవి జీవుల వ్యాపారం మీద దేశాల మధ్య ఒప్పందం) సమావేశంలో దీన్ని రెండో అనుబంధంలో చేర్చారు, అంటే దేశాల మధ్య అమ్మాలంటే ఇప్పుడు పర్మిట్ కావాలి.

అరకు_కాఫీ
అంత బాగా పాడటమే దాని ప్రాణం మీదికి వచ్చిందన్నమాట.

లెక్కల_మాస్టారు
మన దేశంలో పెంచవచ్చా?

పొదల్లో_పిట్ట
కూడదు మాస్టారూ. మన అడవి పిట్ట దేన్నైనా పట్టడం, అమ్మడం, పంజరంలో పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. 1990 ప్రాంతం దాకా వ్యాపారం జరిగేది, తర్వాత పూర్తిగా ఆపేశారు.

పాట గురించి మాట్లాడుతున్నాం కాబట్టి ఒకటి చెప్తాను. ప్రపంచంలో మొట్టమొదట రికార్డు చేసిన పిట్ట పాట షామాదే. 1889లో జర్మనీలో లుడ్‌విగ్ కోచ్ అనే ఎనిమిదేళ్ళ పిల్లాడు, వాళ్ళింట్లో పంజరంలో ఉన్న షామా పాటని ఎడిసన్ యంత్రంతో మైనపు గొట్టం మీద రికార్డు చేశాడు. పెద్దయ్యాక ఆయన బీబీసీలో పిట్టల పాటలకి పెట్టింది పేరయ్యాడు. స్పీకర్ గొడవకి ఆ రోజే బీజం పడిందనుకోవచ్చు.

పడవ_ప్రయాణం
ఇది మామగారికి చదివి వినిపించాను. "ఎనిమిదేళ్ళ పిల్లాడా" అని రెండుసార్లు అడిగారు. మా పాపకీ ఎనిమిదే.

నల్లమల_నడక
పేర్ల సంగతి కూడా. నెల్లూరులో డాక్టరుగా పనిచేసిన జెర్డన్ దొర మన పిట్టల తెలుగు పేర్లు కూడా రాసి పెట్టాడు. నల్లంచి, పెద్ద నలంచి, పొద నలంచి. పెరట్లో గోడ మీద తోక నిక్కబొడిచి తిరిగే నల్ల పిట్ట నల్లంచి. నలుపు తెలుపు కలిసి పొద్దున్నే కరెంటు తీగ మీద పాడేది పెద్ద నలంచి. అడవిలో పొదల్లో ఉండే షామా పొద నలంచి. ఎంత బాగా పెట్టారో చూడండి, పేరులోనే అది ఎక్కడ దొరుకుతుందో చెప్పేశారు. అండమాన్ దాన్ని నేను తెల్లపొట్ట పొద నలంచి అని పిలుచుకుంటాను.

జంగ్లీఘాట్_కుర్రాడు
ఇక్కడ పెద్ద నలంచి కూడా ఉంది అన్నా. మా ఇంటి మీద ట్యాంకు దగ్గర రోజూ పాడుతుంది. ఊళ్ళో అది, అడవిలో ఇది, ఒకదాని జాగాలోకి ఇంకోటి పెద్దగా రాదు. చాలామంది టూరిస్టులు హోటల్ బాల్కనీలో పెద్ద నలంచిని చూసి అండమాన్ షామా చూసేశాం అనుకుని వెళ్ళిపోతారు. రెక్క మీద తెల్ల చార ఉంటే అది పెద్ద నలంచి. షామాకి రెక్క నల్లగానే ఉంటుంది, నడుం మీద తెలుపు ఉంటుంది.

మన్యం_మనవడు
ఈ చర్చ దారం మొత్తం చదివాను. మా ఊరు రంప వైపు. 1922 నుంచి 24 దాకా అల్లూరి సీతారామరాజు వెంట నడిచినవాళ్ళలో కొందరిని అండమాన్ పంపారు. అంతకు ముందు 1879 రంప తిరుగుబాటు వాళ్ళనీ పంపారు. వాళ్ళు మన్యంలో పుట్టి పెరిగినవాళ్ళు, ఏ పిట్ట ఎప్పుడు కూస్తుందో పుస్తకం చూడక్కర్లేదు వాళ్ళకి. మన్యంలో పొద నలంచి పాట వినే ఉంటారు. సముద్రం దాటించి ఖైదులో పడేశాక, చెట్లు నరికే పనికి అడవిలోకి తోలితే, ఏదో తెల్లవారుజామున అదే గొంతు కాస్త వేరే రాగంలో వినబడి ఉండదా? ఎవరూ రాసిపెట్టలేదు. నాకు మాత్రం ఈ పొద్దున్నుంచి అదే ఆలోచన.

ఓహూ_వదిన
మా అమ్మ తలకోన అన్నప్పుడు నాకూ ఇలాగే ఒళ్ళు జలదరించింది తమ్ముడూ.

డిగ్లీపూర్_టీచరమ్మ
ఉత్తర అండమాన్‌లో పంతొమ్మిదేళ్ళుగా టీచర్‌ని. స్పీకర్ ఒక్కటే మాట్లాడుతున్నారు, నాకు అంతకన్నా దిగులు పుట్టించేవి రెండున్నాయి.

ఒకటి పిల్లి. మా క్వార్టర్స్ వెనకే అడవి. పక్కింటి వాళ్ళ పిల్లి పోయినేడు మే నెలలో మా వాకిట్లోకి ఒక పిల్లపిట్టని తెచ్చి పడేసింది. తోక ఇంకా రాలేదు, మొండిగా వేలెడంత, రొమ్ము మీద మచ్చలు, నోటి మూలలు పసుపు పచ్చగా. చేతిలోకి తీసుకుంటే వెచ్చగానే ఉంది, మెడ వాలిపోయింది. పొదల్లో కింద తిరిగే పిట్ట, ఎగరడం నేర్చుకునే నాలుగు రోజులూ నేల మీదే ఉంటుంది, పిల్లికి అంతకన్నా ఏం కావాలి. ఆ పిల్లిని ఇంట్లో కట్టి ఉంచమని వాళ్ళకి చెప్పడానికి నాకు నెల పట్టింది, ఇరుగుపొరుగు కదా. చివరికి గంట కట్టారు.

రెండోది చుక్కల జింక. వంద ఏళ్ళ కిందట బ్రిటిష్‌వాళ్ళు వేట కోసం తెచ్చి వదిలారు. ఇక్కడ పులి లేదు, చిరుత లేదు, వాటిని తినేదే లేదు. ఈదుకుంటూ దీవి నుంచి దీవికి పోతాయి. మొలక లేచిందంటే తినేస్తాయి. పైకి చూస్తే అడవి పచ్చగానే ఉంటుంది, గర్జన్ చెట్లు అంతెత్తున, కింద మాత్రం ఊడ్చినట్టు ఖాళీ. పొద నలంచికి పొదే లేకపోతే ఎక్కడుంటుంది?

నల్లమల_నడక
టీచరమ్మ గారూ, ఇది చాలామందికి తెలియదు. మనకి జింక అంటే అడవికి అందం.

డిగ్లీపూర్_టీచరమ్మ
నాకూ మొదట్లో అంతే. పొద్దున్నే స్కూలు గ్రౌండ్‌లో జింకలు కనబడితే పిల్లలతో పాటు నేనూ మురిసిపోయేదాన్ని. ఒకసారి స్కూలు వెనక నాటిన మొక్కలకి కంచె వేశాం. రెండు వానాకాలాలు గడిచేసరికి కంచె లోపల నడుమెత్తు పొద, బయట ఎర్ర మట్టి. పిల్లలే చూపించారు నాకు.

సముద్రం_ఇవతల
ఇవన్నీ చిన్న విషయాలు. గ్రేట్ నికోబార్‌లో ఓడరేవు, విమానాశ్రయం, టౌన్‌షిప్ కోసం 130 చదరపు కిలోమీటర్ల అడవి తీసేస్తున్నారు, ఈ షామా అక్కడ అంతరించిపోతుంది, దాని గురించి మాట్లాడరేం?

పొదల్లో_పిట్ట
అడవి సంగతి నిజమే, నాకూ కడుపు తరుక్కుపోతుంది. కానీ షామా అక్కడ లేదండీ, మొదటి పోస్టు కింద చెప్పాను. అక్కడ దిగులు పడాల్సింది నికోబార్ మెగాపోడ్ గురించి, ఆకులూ మట్టీ గుట్టగా పోసి గుడ్లు పెట్టే పిట్ట, తోలు వీపు తాబేలు గురించి. సరైన పిట్ట పేరు చెబితేనే మన మాటకి బలం. ఆండమాన్ షామా ప్రస్తుతానికి అంత ప్రమాదంలో ఉన్న జాబితాలో లేదు.

సముద్రం_ఇవతల
సరే, షామా విషయంలో పొరబడ్డాను. మెగాపోడ్‌కి వేరే దారం తెరుస్తాను.

వేదిక_నిర్వాహకులు
తెరవండి. దీన్ని షామాకే ఉంచుదాం.

కెమెరా_భుజాన
ప్రమాదంలో లేదు అని పొదల్లో_పిట్ట గారే అన్నారు. మరి ఒక మలుపు దగ్గర ఒక పిట్టకి ఇంత గొడవ దేనికి? నిజంగానే అడుగుతున్నాను, వాదన కోసం కాదు.

పొదల్లో_పిట్ట
దీవుల పిట్టలకి "ఇప్పుడు బాగానే ఉన్నాయి" అన్న మాట ఎంతకాలం నిలుస్తుందో చెప్పలేం. దీని దాయాది ఒకటుంది, సీషెల్స్ దీవుల పెద్ద నలంచి. పిల్లులూ ఎలకలూ చేరి, అడవి తగ్గి, 1970 ప్రాంతానికి ఫ్రిగేట్ అనే ఒక్క దీవిలో మిగిలింది, మొత్తం ఇరవై కూడా లేవు. తర్వాత ఏళ్ళ తరబడి గూడు పెట్టెలు కట్టి, మేత పెట్టి, పిల్లుల్ని తీసేసి, కొన్నింటిని పట్టి కజిన్, డెనిస్ లాంటి వేరే దీవులకి తీసుకెళ్ళి వదిలి, వందల్లోకి తెచ్చారు. 2005లో అతి తీవ్ర ప్రమాదం నుంచి ఒక మెట్టు కిందికి దించారు. ఇరవైకి పడిపోయాక చేసిన చాకిరీ అదంతా. ఇక్కడ ఇంకా బాగానే ఉండగా స్పీకర్ జేబులో పెట్టుకోవడం ఎంత పని?

కెమెరా_భుజాన
దీనికి నా దగ్గర జవాబు లేదు. గూళ్ళ కాలంలో పెట్టను, మిగతా రోజుల్లో నా ముప్ఫై సెకన్ల మాట మీదే ఉన్నాను. ఒప్పుకోకపోయినా పర్వాలేదు.

నల్లమల_నడక
ఒప్పుకోను గానీ, గూళ్ళ కాలం మాటకి థాంక్స్.

అరకు_కాఫీ
స్పీకర్ లేకుండా చూడాలంటే ఏం చేయాలో ఎవరైనా చెప్పండి. మా అనంతగిరి వైపు వింటాను తప్ప కంటికి దొరకదు.

నల్లమల_నడక
కూర్చోవాలి. నిలబడితే దొరకదు. వాగు ఒడ్డున గానీ, ఆకులు బాగా రాలి ఉన్న చోట గానీ, చెట్టుకి వీపు ఆనించి, ఎర్రా తెలుపూ కాకుండా మట్టి రంగు చొక్కా వేసుకుని, అరగంట ఫోన్ తీయకుండా. అది ఆకుల్ని తిరగేస్తూ పురుగులు ఏరుకుంటుంది, ముందు ఆ గలగల వినబడుతుంది. మీ వైపే వస్తుంది. తల తిప్పకండి, కళ్ళు మాత్రం తిప్పండి. మెర్లిన్ యాప్‌లో మైకు పెట్టి ఏ పిట్టో తెలుసుకోవచ్చు, అది వినడమే కాబట్టి నష్టం లేదు.

జంగ్లీఘాట్_కుర్రాడు
ఇక్కడ ఇంకోటి కలపండి: ఒడ్డుకి, మడ అడవికి దగ్గరగా కూర్చోవద్దు, మొసళ్ళున్నాయి. బోర్డులు పెట్టింది అలంకారానికి కాదు. చిడియా టాపు కుదరకపోతే చాథం జెట్టీ నుంచి బంబూ ఫ్లాట్‌కి ఫెర్రీ ఎక్కి మౌంట్ హారియట్ వెళ్ళొచ్చు, 2021లో మౌంట్ మణిపూర్ అని మార్చారు. కొండ మీద గుంపులు తక్కువ.

పడవ_ప్రయాణం
మామగారు ఈ జవాబులన్నీ నా చేత పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీయించుకున్నారు. తమ్ముడూ, నీకొక్క పని చెప్పనా? ఎప్పుడైనా అటు వెళ్తే ఆ నాచు చెట్టు దగ్గర చూస్తావా? అది ఉందా, పిల్లలు ఉన్నాయా అని. ఆయన మనసులో అదే ఉంది.

జంగ్లీఘాట్_కుర్రాడు
ఆదివారం వెళ్తానక్కా. బైకుంది.

జంగ్లీఘాట్_కుర్రాడు
వెళ్ళొచ్చాను. ఐదింటికి అక్కడున్నాను, ఎవరూ లేరు. కూలిన చెట్టుకి ఇవతలే, దారి మీదే కూర్చున్నా, నల్లమల అన్న చెప్పినట్టు వీపు ఆనించి. చీకటి విడుతుండగా పాట మొదలైంది, ఎడమ వైపు, లోపలికి. పావుగంట పాడి ఆగింది. ఇంకో పది నిమిషాలకి ఆకుల గలగల. వచ్చింది. అక్కా, అదే మలుపు, దారికి అడ్డంగా ఎగిరి, కూలిన చెట్టు వెనక నిలబడి ఉన్న ఎండు మానులో రంధ్రం ఉంది, నా తల కన్నా కాస్త ఎత్తులో, అందులోకి దూరింది. నోట్లో పురుగు. బయటికొచ్చేటప్పుడు నోట్లో తెల్లటి ముద్ద, పిల్లల రెట్ట తీసి బయట పడేస్తుంది కదా, అది. లోపల్నుంచి సన్నగా చీ చీ అని వినబడింది. దగ్గరికి వెళ్ళలేదు, ఫోటో తీయలేదు. గూడు ఎక్కడో ఇంతకు మించి ఇక్కడ రాయను.

పడవ_ప్రయాణం
మామగారికి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "కుర్రాడికి నా ఆశీస్సులు చెప్పు" అన్నారు.

లెక్కల_మాస్టారు
ఎంతసేపున్నావు బాబూ? ఎన్నిసార్లు మేత తెచ్చింది?

జంగ్లీఘాట్_కుర్రాడు
గంట ఉన్నాను మాస్టారూ, పాట ఆగాక. రెండూ కలిసి తొమ్మిదిసార్లు తెచ్చాయి. ఒకసారి గొంగళి పురుగు, ఒకసారి చిన్న జెర్రి, మిగతావి సరిగ్గా కనబడలేదు.

లెక్కల_మాస్టారు
అంటే ఆరేడు నిమిషాలకోసారి.

పడవ_ప్రయాణం
మేం ఆపింది ఇరవై నిమిషాలు. మూడు ముద్దలు.

జంగ్లీఘాట్_కుర్రాడు
ఇప్పుడు తింటున్నాయి కదక్కా. నేను లేచేసరికి ఆరున్నర, ఒక గుంపు వచ్చింది, చేతిలో స్పీకర్‌తో. మలుపు అవతల ట్రీపైలు దిగాయి, అటు వెళ్ళండి, బాగా కనబడతాయి అని చెప్పి పంపాను. నిజంగానే దిగాయి.

పొదల్లో_పిట్ట
వచ్చే ఆదివారం కూడా వెళ్తావా?

జంగ్లీఘాట్_కుర్రాడు
వాన పడకపోతే వెళ్తా. ఈసారి మా చెల్లి కూడా వస్తానంటోంది.